తిరుగు రింగు

ఆ సోమవారం పొద్దున్న అరకులో మంచు కూడా లేదు. నవంబరు నెలలో అంత తేటగా తెల్లవారడం ఈ లోయలో అరుదు. గ్లాసుడు కాఫీ కలుపుకుని, కంప్యూటరు ముందు కూర్చుని పధ్నాలుగు ఊళ్ల వాన లెక్క చూస్తున్నాను. పదమూడు ఊళ్లలో సున్నా. కొసగుడలో పధ్నాలుగు మిల్లీమీటర్లు.

బయట ఆకాశంలో మబ్బు తునక లేదు. కొసగుడ ఒక్కదానికే దేవుడు విడిగా కుళాయి తిప్పాడేమో అనుకుని నవ్వుకున్నాను. తర్వాత ముందురోజు లెక్క తీశాను. పధ్నాలుగు. అంతకు ముందురోజూ పధ్నాలుగే. కిందికి జరుపుకుంటూ పోతే ఇరవై ఏడు రోజులు వరసగా అదే అంకె. అక్టోబరు ఆఖరున తుఫాను వచ్చి మిగతా ఊళ్లన్నీ తడిసి ముద్దయిన రోజున కూడా కొసగుడలో పధ్నాలుగే. నా నవ్వు అక్కడ ఆగిపోయింది.

నా పేరు ఫిలిప్పు. సాలూరు మిషన్ కాంపౌండులో పుట్టాను. నలభై ఒక్కేళ్లు, పెళ్లి కాలేదు. విశాఖపట్నంలో పన్నెండేళ్లు ప్రోగ్రాములు రాసి, అక్కడి మనుషులతో పడక, కొండల్లో వాన హెచ్చరికలు పంపే ఒక చిన్న సంస్థలో చేరి ఇక్కడికొచ్చాను. స్టేషనరీ కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకున్నాను. శని ఆదివారాల్లో రైలు దిగే టూరిస్టులతో వీధి కిటకిటలాడుతుంది. ఆ రెండు రోజులూ నేను కిటికీ వేసుకుంటాను. మిగతా ఐదు రోజులు తెరిచినా పలకరించేవాళ్లుండరు. నా ఫోనులో ఆఫీసు కాల్సు తీసేస్తే మిగిలేది గ్యాసు బుకింగు నంబరొక్కటే. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

మా ప్రోగ్రాం పేరు వానమాట. ఒక్కో ఊళ్లో ఒక్కో మనిషి దగ్గర గీతలున్న ప్లాస్టిక్ సీసా ఉంటుంది. పొద్దున్నే సీసాలో నీళ్లు ఎన్ని గీతలున్నాయో చూసి, మా నంబరుకి ఫోన్ చేసి, ఆ అంకె నొక్కి పెట్టేస్తారు. అందిందని చెప్పడానికి ప్రోగ్రాం వాళ్లకి తిరిగి ఫోన్ చేసి రెండు రింగులిచ్చి ఆపేస్తుంది. దాన్ని అందరూ తిరుగు రింగు అంటారు. వాన హద్దు దాటితే మాత్రం ఎత్తేదాకా మోగుతూనే ఉంటుంది. కొండ జారొచ్చు, ఇల్లు విడిచి గట్టు మీది ప్రార్థన షెడ్డుకి పొమ్మని దాని అర్థం.

కొసగుడలో సీసా సోములమ్మ దగ్గరుంది. యాభై ఏళ్ల మనిషి, పిల్లాపాపా లేరు, చేతిలో పనికి లోటు లేదు. సిల్వర్ ఓకు చెట్ల కింద సొంత కాఫీ తోట చూసుకుంటుంది. సీసా బిగించిన రోజున ఒక్కసారే ఆమెను చూశాను. అంకెలు ఎలా నొక్కాలో నేను మూడుసార్లు చెప్పాను. ఒకసారి చెబితే చాలని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆ రోజు నుంచీ పొద్దున్న ఆరూ పదికి ఆమె నుంచి కాల్ రాని రోజు లేదనే అనుకున్నాను.

ఆ సోమవారం ఆమెకి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. పది నిమిషాలాగి మళ్లీ చేశాను. స్విచ్ ఆఫ్.

ఏం జరిగి ఉంటుందో నాకు అప్పుడే సగం తెలిసింది, ఎందుకంటే ఆ సగం రాసింది నేనే. వానమాట ఒకటే ప్రోగ్రాం గానీ అందులో భాషలు రెండు. కొండల నుంచి ఫోన్లు అందుకునే సగాన్ని భాస్కర్ లూవాలో రాశాడు. లెక్కలు కట్టి తెర మీద చూపించే సగాన్ని నేను పైథాన్‌లో రాశాను. భాస్కర్ కురుపాం వైపు రైతుబిడ్డ, నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న, నాకన్నా మంచి పనిమంతుడు. ఈ చివరి మాట అతని ముందు ఎప్పుడూ అనలేదు. అతని భాషకి నేనూ నా భాషకి అతనూ ఒప్పుకోకపోతే, మా కోఆర్డినేటర్ జయశ్రీ రెండింటినీ ఒకే ప్రోగ్రాంలో పెట్టి మమ్మల్ని ఊరుకోబెట్టింది.

అలా పెడితే వస్తువుల్ని పంచుకోవాల్సి వస్తుంది. ప్రోగ్రాంలో ఒక ఊరంటే ఒక వస్తువు. దాని పేరు, సీసా మనిషి ఫోను నంబరు, గడపల సంఖ్య, ఈనాటి వాన అన్నీ దాని ఒళ్లో ఉంటాయి. ఆ వస్తువు పుట్టేది భాస్కర్ వైపు. నా వైపుకి వచ్చేది దాన్ని అందుకునే దారం మాత్రమే. చేద అతని బావిలో ఉంటుంది, తాడు కొస నా చేతిలో ఉంటుంది. ఇక అక్కర్లేదని వదిలేసిన వస్తువుల్ని లూవా తనంతట తనే ఊడ్చి పారేస్తుంది, లేకపోతే మెషీను నిండిపోతుంది. చేద తెగి పడిపోయినా తాడు నా చేతిలోనే ఉంటుంది, లాగి చూస్తే తప్ప తెలియదు. అందుకే వాడుకునే ప్రతిసారీ ఇటువైపు నుంచి ‘ఉన్నావా’ అని అడగాలి.

నేను అడిగే రాశాను. లేదని జవాబొస్తే తెర మీద ఎర్రగా ‘ఊరు అందడం లేదు’ అని పడేలా కూడా రాశాను. అయితే ప్రారంభోత్సవం నాడు, ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనుషులు తెర ముందు నిలబడి ఉండగా ఒక ఊరు తడబడి ఎర్రబడింది. జయశ్రీ నా చెవి దగ్గరకొచ్చి, వీళ్లున్నంతసేపు ఎరుపు కనపడకుండా చూడమంది. నేను నిలబడ్డచోటే ఒక లైను మార్చాను. జవాబు లేకపోతే ఆఖరున అందిన అంకెనే ఆకుపచ్చలో చూపించమన్నాను. పెద్దమనుషులు చప్పట్లు కొట్టి, భోంచేసి వెళ్లిపోయారు. ఆ లైను తర్వాత తీసేద్దామనుకున్నాను. ప్రోగ్రాములు రాసేవాళ్ల ‘తర్వాత’ ఎప్పటికి వస్తుందో మా వాళ్లందరికీ తెలుసు.

అంటే ఇరవై ఏడు రోజులుగా నా తెర నాకు చూపిస్తున్నది సోములమ్మ పంపిన ఆఖరి అంకె. మరి ఆమె చేసిన ఫోన్లు ఏమయ్యాయి? భాస్కర్ వైపు ఒక ఫైలుంటుంది. ఏ ఊరికీ చెందని నంబర్ల నుంచి కాల్సొస్తే అందులో పడతాయి. రాంగు నంబర్లూ, లోన్లిస్తామనేవాళ్లూ తప్ప అందులో ఏముంటుందిలే అని నేను ఎప్పుడూ తెరవలేదు.

తెరిచాను. ఆమె నంబరు ఉంది. ప్రతి పొద్దునా ఆరూ పది. ఇరవై రెండు. తొమ్మిది. సున్నా. ఆరు. నాలుగో రోజు నుంచి రోజుకి రెండేసి కాల్సున్నాయి. ఒకటి అంకె చెప్పడానికి, రెండోది పది నిమిషాల తర్వాత, ఏ అంకే నొక్కకుండా. తిరుగు రింగు రాలేదని అడగడానికి చేసినవి. తుఫాను రోజున తొమ్మిది కాల్సు. మొదటిదాంట్లో నూట పన్నెండు అని నొక్కింది. మా హద్దు ఎనభై. మిగతా ఎనిమిదింట్లో ఏమీ లేదు. ఆ తర్వాత మళ్లీ రోజూ ఆరూ పదికి వచ్చాయి. శుక్రవారం నుంచి అవి కూడా లేవు. తెలియని నంబర్ల ఫైల్లో ఒక మనిషి రోజూ వచ్చి తలుపు కొట్టి వెళ్లింది, నేను పక్క గదిలో కూర్చుని ఆకుపచ్చ చూసి సంతోషిస్తున్నాను.

భాస్కర్‌కి ఫోన్ చేశాను. అతను పని మానేసి విశాఖపట్నం వెళ్లి పధ్నాలుగు నెలలైంది. మానేసే ముందు టీ కొట్టు దగ్గర నలుగురి ముందూ అతని భాషని చిన్నపిల్లల ఆట అన్నాను. అతను సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా మధ్య మాట లేదు.

రెండో రింగుకే ఎత్తాడు. నేను హలో అనకముందే, “ఏటన్నా, ఎవులైనా పోనారా?” అన్నాడు. నా దగ్గర నుంచి ఫోనొస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది కాబోలు.

జరిగింది చెప్పాను. అతను గడపల సంఖ్య ఎంతుందో చూడమన్నాడు. చూశాను. సున్నా. అక్టోబరులో మా వాలంటీర్లు తెచ్చిన సర్వే ఫైలుని ప్రోగ్రాంలోకి ఎక్కించింది నేనే, కనీసం తిరగేయకుండా. కొసగుడలో ఉన్న పదకొండు కుటుంబాలూ రోడ్డు పక్క కాలనీకి దిగిపోయాయి. సోములమ్మ పేరు తమ్ముడి రేషను కార్డులో ఉంది. కార్డు కిందికి దిగింది కాబట్టి మనిషీ దిగిందని మావాళ్లు రాసేశారు.

“గడపలు సున్నా అయితే ఊరిని ఒగ్గియ్యమని రాసినానన్నా,” అన్నాడు భాస్కర్. “ఒగ్గీసే ముందు నీ వైపు కబురు పంపుతాది. అది ఇనీది నువ్వు రాసినావా, నేదా?”

రాయలేదన్నాను. అలాంటి కబురొకటి వస్తుందనే నాకు తెలియదన్నాను.

“ఎల్లిపోయిన రోజు మెయిలు పెట్టినాను గదా.”

పెట్టాడు. నేను తెరవలేదు. వెళ్లిపోయేవాడి సంజాయిషీ చదివే ఓపిక లేదనుకుని అలాగే ఉంచేశాను. ఫోను చెవి దగ్గరుండగానే తెరిచాను. సంజాయిషీ లేదు, నిష్ఠూరం లేదు. ‘అన్నా, ఊరిని వదిలేముందు నీ వైపు గంట కొడుతున్నాను. వినే ఫంక్షన్ నువ్వు రాసుకో, లేకపోతే నీకు తెలియదు.’ అంతే.

నేను అప్పుడే తెరిచానని అతనికి అర్థమైందనుకుంటాను. “ముందు నువ్వు కొండెక్కన్నా, బేగెల్లు. నీ కోడు నాకంపీ, సాయంత్రానికి సరిజేత్తాను,” అని పెట్టేశాడు.

కోడు పంపేసి, తారు రోడ్డు ఉన్నంతవరకూ బండి మీద వెళ్లి, అక్కడి నుంచి నడిచాను. రెండు గంటల దారి. సగం దూరంలో దారి లేదు. కొండ పక్క నుంచి ఎర్రమట్టి జారి, చెట్లతో సహా దారి మీదుగా కిందికి పోయింది. ఎండకి పైన పెచ్చులు కట్టి ఉంది. తుఫాను నాటిదే. ఆ మట్టిలో మోకాళ్ల దాకా దిగబడుతూ ప్రార్థన చేశాను. ఆదివారం ఆఖరి బెంచీలో కూర్చుని గడియారం చూసుకుంటూ చేసే ప్రార్థన కాదది. ఆమె బతికుంటే చాలు, నన్ను ఎన్ని తిట్టినా చాలు అని పైకే అన్నాను. వినడానికి ఎవరూ లేరు కాబట్టి సిగ్గు కూడా పడలేదు.

కొసగుడలో పదకొండిళ్లకి తలుపుల్లేవు, పైన రేకుల్లేవు. దిగిపోయినవాళ్లు వాటిని మోసుకెళ్లారు. మట్టి ఊళ్లోకి కూడా వచ్చింది. మొదటి రెండిళ్ల గోడలు పడిపోయాయి. మూడో ఇంటి పెరట్లో ఆగింది. ఆ పక్కది నాలుగో ఇల్లు. దానికి రేకులున్నాయి, తలుపుంది, వాకిట్లో బరకం మీద కాఫీ పండ్లు ఎండుతున్నాయి, సోములమ్మ కూర్చుని వాటిని చేత్తో తిరగదోస్తోంది.

అరుగు మీద కూలబడి ఏడ్చాను. నలభై ఒక్కేళ్లొచ్చినవాణ్ణి, పెద్దగా పరిచయం లేని మనిషి ముందు, చొక్కాతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను. ఆమె తిరగదోయడం ఆపి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

ఫోను సంగతి నేనే అడిగాను. లైటుకీ ఫోనుకీ కరెంటిచ్చే సోలారు పలక మీద గురువారం కొమ్మ విరిగిపడిందట. చార్జింగు లేదు. అయినా సీసా చూడటం మానలేదు. గోడ మీద బొగ్గుతో నాలుగు రోజుల అంకెలు గీసి పెట్టింది. రెండు గీతలు, ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. ఏమీ లేని రోజుకి చిన్న చుక్క పెట్టింది.

తుఫాను రోజు షెడ్డుకి వెళ్లిందా అని అడిగాను. వెళ్లలేదంది.

“ఎక్కువొత్తే మీరే మోగిత్తామన్నారు గదా బాబూ. మోగనేదు. మోగనేదంటే పరవానేదు గావాల అని కూకున్నాను. ఆ మట్టొచ్చి అక్కడాగిపోనాది.”

చేత్తో చూపించింది. పాతిక అడుగులుంటుందేమో. మరి ఆ తర్వాత కిందికెందుకు దిగలేదు, తమ్ముడింట్లో చోటుంది కదా అన్నాను. దిగి రెండు రాత్రులు పడుకుని చూసిందట.

“ఆ సిమ్మెంటు కప్పు కింద వాన ఇనపడదు బాబూ. నిద్దరట్టదు.”

మళ్లీ కాఫీ పండ్ల దగ్గరికెళ్లి కూర్చుని, నా వైపు చూడకుండా అంది. “మా వోల్లంతా దిగిపోనారు. మీ రింగూ మానీసింది. సరే, ఈలూ దిగిపోనారు గావాల అనుకున్నాను.”

ఆమె కోపంగా అనలేదు. వాన తగ్గింది అన్నట్టుగా అంది. అందుకే నేను తట్టుకోలేకపోయాను. జరిగిందంతా చెప్పాను. ప్రోగ్రాం ఆమె ఊరిని వదిలేసిందని, వదిలేసే ముందు చెప్పిన మాట నేను వినలేదని, తప్పు నాదేనని చెప్పాను. ఆమె అన్నీ విని ఒక్కటే అడిగింది.

“రోజూ రింగు కొట్టీది నువ్వేనా?”

“కాదు సోములమ్మా. మెషీను. అది మెషీనే కొడుతుంది.”

ఆమె నవ్వింది. నేను మాట తప్పించుకుంటున్నాననుకుంది. “మిసనైతే నానుండగా ఎందుకాగిపోతాది? ఆగిపోయీది మనుసులే.”

సంచీలోంచి పవర్ బ్యాంకు తీసి ఆమె ఫోనుకి పెట్టాను. కాస్త చార్జింగెక్కాక ఇద్దరం సిగ్నలొచ్చే బండ మీదికి వెళ్లాం. ఆమె మా నంబరుకి చేసి సున్నా నొక్కి పెట్టేసింది. పెట్టేసి, ఫోను అరచేతిలో పట్టుకుని నిలబడింది. భాస్కర్ ఇంకా సరిచేయలేదు కాబట్టి ఏమీ రాదని నాకు తెలుసు. ఆమె అయితే ఎదురు చూస్తూనే ఉంది. నేను నాలుగడుగులు పక్కకెళ్లి, నా ఫోను తీసి, ఆమె నంబరుకి చేసి రెండు రింగులిచ్చి ఆపాను. ఆమె ఫోను బొడ్లో దోపుకుని, ఇక పనుందంటూ ఇంటివైపు నడిచింది.

సాయంత్రానికి భాస్కర్ అంతా సరిచేశాడు. ఇప్పుడు గడపలు సున్నా అయినా, సీసా మనిషి ఫోన్ చేస్తున్నంతకాలం ఊరు ప్రోగ్రాంలోంచి పోదు. అటువైపు కొట్టే గంటకి ఇటువైపు వినేవాడున్నాడు. అందని ఊరు నా తెర మీద ఎర్రగా పడుతుంది, ఎవరొచ్చి చూసినా సరే. జయశ్రీకి జరిగిందంతా రాసి పంపాను, నా పేరుతోనే. కొసగుడకి కొత్త సోలారు పలక ఆమే పంపించింది. భాస్కర్ నుంచి ‘సరిజేసినానన్నా’ అని మెసేజొచ్చింది. జవాబుగా చాలా రాశాను. రాసి, చెరిపి, ‘సరే’ అని పంపాను.

కొసగుడకి తిరుగు రింగు మాత్రం ప్రోగ్రాం నుంచి తీయించేశాను. భాస్కర్ ఎందుకని అడగలేదు. ఆరూ పదికి ఆమె అంకె వస్తుంది, ఆరూ పదకొండుకి నేను రెండు రింగులు కొడతాను. మేం మాట్లాడుకోం. ఆమె ఎత్తదు, నేను ఎత్తేదాకా ఆగను. ఆ తర్వాత కాఫీ పెట్టుకుంటాను. రోజు మొత్తం మీద ఇంకెవరితోనూ పనుండదు.

డిసెంబరు మొదటి వారంలో నాకు జ్వరం తగిలింది. ఒళ్లు తెలియకుండా పడుకుని లేచేసరికి ఎనిమిదిన్నర. కిటికీ అవతల మంచు, గదిలో పచ్చి నీళ్లు కూడా లేవు. అలవాటుగా ఫోను తీసి తెర చూశాను. పధ్నాలుగు ఊళ్లూ ఆకుపచ్చ. కొసగుడ, సున్నా, ఆరూ పది.

ఆ కింద నా సొంత నంబరుకి మిస్డ్ కాల్సున్నాయి. ఆరున్నరకి ఒకటి. ఏడుకి ఒకటి. ఏడున్నరకి, ఎనిమిదికి. నాలుగూ సోములమ్మవే. సిగ్నలు ఆ బండ మీద తప్ప ఇంకెక్కడా రాదు, ఇంటి నుంచి పావుగంట ఎక్కుడు. అంటే పనులన్నీ ఆపుకుని ఆ మంచులో అక్కడే నిలబడి ఉంది.

ఉన్నావా అని నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి మానేశాను. లేచి కూర్చుని ఆమె నంబరు నొక్కాను. రెండు రింగుల దగ్గర ఆపలేదు. మూడో రింగుకి ఆమె ఎత్తింది.